పెద్దాయన మాట పెద్దాయనతోనే పోయిందా?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ఒక పల్లె. హనఫీ సంప్రదాయం వాళ్ళం. మా అబ్బా ఉన్నప్పటి నుంచీ ఊళ్ళో ఒక పెద్దాయన పొలం మూడెకరాలు కౌలుకు చేస్తున్నాం. ఏనాడూ కాగితం రాసుకోలేదు. పెద్ద పంటకు ఎకరాకు పుట్టిన్నర వడ్లు కౌలు. తుపానుకో అకాల వర్షానికో పంట పోతే ఆ ఏడు సగం కౌలే తీసుకోవాలని మా ఊళ్ళో కట్టుబాటు. ఒక్క మాకే కాదు, అందరికీ అంతే. అబ్బా పోయారు. పోయిన వేసవిలో పెద్దాయన కూడా కాలం చేశారు. నాట్లప్పుడు చెన్నైలో ఉండే వాళ్ళబ్బాయికి ఫోన్ చేస్తే ‘ఎప్పట్లాగే చేసుకో’ అన్నాడు. కోతకు పది రోజులుందనగా వాన కొట్టి పైరంతా పడిపోయింది. పది పుట్లు రావాల్సిన చోట ఐదు పుట్లు వచ్చాయి. ఇప్పుడాయన ‘నాన్న మాట నాన్నతోనే పోయింది, సగం కౌలని ఎక్కడ రాసుందో చూపించు’ అంటున్నాడు. నాలుగున్నర పుట్లూ ఇచ్చేస్తే నాకు అర పుట్టి మిగులుతుంది.

ఇంకో సంగతి. నవంబరులో ఒక వడ్ల వ్యాపారి దగ్గర 60 వేలు తీసుకున్నాను. వడ్డీ లేదు. కానీ అమ్మితే ఆయనకే అమ్మాలి, పుట్టికి బయట ధర కంటే 500 తక్కువ, తరుగు కింద 30 కిలోలు ఎక్కువ. ఇదీ నోటి మాటే, ఊళ్ళో అందరూ చేసేదే. మా బావ ఏమంటాడంటే, ఖుర్‌ఆన్‌లో రాసుకోమని ఉంది కాబట్టి రాయనిదానికి విలువ లేదు, ఆయన మాట తప్పాడు గనక నువ్వు కళ్ళంలోనే నాలుగు గోతాలు పక్కన పెట్టుకో, తప్పు లేదు అంటాడు. రెండు మాటలూ నన్ను తినేస్తున్నాయి. దేనికి కట్టుబడాలి, దేనికి అక్కర్లేదు? చాలా టెన్షన్‌గా ఉంది.

– ఒక కౌలు రైతు

సమాధానం: వ అలైకుముస్సలామ్. మీ బావగారు చెప్పిన ఆయత్ (ఖుర్‌ఆన్ వాక్యం) ఉన్నమాట నిజమే. అల్ బఖరా సూరాలో 282వది, ఖుర్‌ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయత్. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అంటుంది. అయితే ఆయన అక్కడే ఆగిపోయారు. చేతికి చేయి జరిగే బేరాన్ని రాసుకోకపోయినా దోషం లేదని అదే ఆయత్ చెబుతుంది. ఆ వెంటనే వచ్చే 283వ ఆయత్‌లో, మీలో ఒకరు ఇంకొకరిని నమ్మి ఉంటే నమ్మకం పొందినవాడు తనకు నమ్మి అప్పగించిన అమానత్‌ను తీర్చాలి, అల్లాహ్‌కు భయపడాలి అని ఉంది. రాయని మాటకు విలువే లేకపోతే ఈ ఆజ్ఞ ఎవరికి? రాసుకోవడం తప్పనిసరి అన్న పండితులు కొందరు లేకపోలేదు. కానీ ధర్మశాస్త్ర సంప్రదాయాలైన నాలుగు మజ్‌హబ్‌లలోనూ అత్యధికులు దాన్ని మంచి సలహాగానే తీసుకున్నారు, రాయకపోతే ఒప్పందం చెల్లదని అనలేదు.

ఒప్పందాన్ని నిలబెట్టేది ఇద్దరి ఇష్టం. అన్‌నిసా సూరా 29వ ఆయత్‌లో ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినకండి, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం అయితే తప్ప అని ఉంది. ఆ అంగీకారం నోటితో చెప్పవచ్చు, రాతలో ఉండవచ్చు, ఒక్కోసారి చేతలోనే తెలిసిపోవచ్చు. అంగడికి వెళ్ళి సబ్బు తీసుకుని డబ్బులు బల్ల మీద పెట్టి వస్తాం, ‘అమ్మాను’, ‘కొన్నాను’ అని ఎవరూ అనరు. హనఫీ ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్రం) దీన్ని పూర్తి బేరంగానే ఒప్పుకుంటుంది. నెలంతా కిరాణా కొట్టులో ఖాతా మీద తెచ్చుకుని నెలాఖరుకు లెక్క కట్టేదాన్ని కూడా, జనానికి అవసరమనీ అందరికీ అలవాటైనదనీ చెల్లుబాటుగా తీసుకుంది.

మీ ఉత్తరాన్నే చూడండి. పుట్టి అంటే ఎన్ని కిలోలో మీరు రాయలేదు, ఆ అవసరమూ లేదు. నెల్లూరు వడ్ల బేరంలో పుట్టికి 850 కిలోలు. పెద్దాయనా మీ అబ్బా ‘ఎకరాకు పుట్టిన్నర’ అనుకున్న రోజున ఇద్దరిలో ఎవరూ 850 అని పలికి ఉండరు. అయినా ఇంకో ప్రాంతం కొలత తెచ్చి ఇదీ పుట్టే అని చెన్నై అబ్బాయి అంటే ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోరు. అది పలకని షరతు, కానీ పలికినంత గట్టిది. ఆ లెక్కన వడ్లు తీసుకోవడానికి సిద్ధపడ్డ మనిషి, అదే ఊరి ఇంకో కట్టుబాటు దగ్గరికి వచ్చేసరికి కాగితం చూపించమనడం న్యాయం కాదు.

ఇది నా సొంత వాదన కాదు. టర్కీ ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యంలో 1869 నుంచి 1876 దాకా హనఫీ ఫిఖ్‌హ్‌ను సూత్రాలుగా పేర్చి ‘మజల్లా’ అనే పౌర చట్టం రాశారు. దాని 36వ సూత్రం ఆచారానికి తీర్పరి స్థానం ఇస్తుంది. ఆచారంగా అందరికీ తెలిసినది షరతుగా పెట్టుకున్నదానితో సమానం అని 43వ సూత్రం. వ్యాపారుల మధ్య వాడుకలో ఉన్నది వాళ్ళు పెట్టుకున్న షరతుతో సమానం అని 44వ సూత్రం. మజల్లా కంటే ముందే, దమాస్కస్‌లో ఉండిన హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ ఈ ఒక్క విషయం మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. స్థానిక ఆచారాన్ని ఫిఖ్‌హ్‌లో ఉర్ఫ్ అంటారు.

అయితే ఊళ్ళో జరిగే ప్రతిదీ ఉర్ఫ్ అయిపోదు. అది ఎప్పుడో ఒకసారి ఎవరో చేసిన దయ కాకూడదు, నిలకడగా, ఎక్కువమంది దగ్గర నడుస్తూ ఉండాలి. ఒప్పందం కుదిరేనాటికే ఉండాలి, గొడవ వచ్చాక పుట్టకూడదు. ఒప్పందంలో దానికి విరుద్ధంగా ఎవరూ స్పష్టంగా చెప్పుకుని ఉండకూడదు. ఇవన్నీ కుదిరినా, ఖుర్‌ఆన్, హదీసుల (ప్రవక్త మాటల) స్పష్టమైన ఆజ్ఞకు ఎదురు నిలిచేదైతే చెల్లదు. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, వ్యాపారి సంగతి దగ్గర దానితోనే పని.

సగం కౌలు కట్టుబాటు ‘ఒక్క మాకే కాదు, అందరికీ అంతే’ అని మీరు రాశారు. అది నిజమైతే మొదటి పరీక్ష దాటినట్టే. ఒకసారి నిదానంగా ఆలోచించుకోండి. ఇదివరకు తుపాను వచ్చిన ఏళ్ళలో మీ చుట్టుపక్కల కౌలుదారులు ఎంత కొలిచారు? పెద్దాయన మీ అబ్బా దగ్గర ఎంత తీసుకున్నారు? ఇద్దరు ముగ్గురు ఇతర భూస్వాములు, కౌలుకిచ్చినవాళ్ళే, అవును మేమూ సగమే తీసుకున్నాం అంటే దానికి మించిన సాక్ష్యం అక్కర్లేదు. కౌలుదారులు పదిమంది చెప్పినదానికంటే వాళ్ళు ఇద్దరు చెప్పిందే బలమైనది, ఎందుకంటే ఆ కట్టుబాటు వల్ల నష్టపోయేది వాళ్ళు.

ఇక పెద్దాయన మరణం. ఇక్కడ అబ్బాయి మాటలో కొంత నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం కౌలు ఒప్పందం చేసుకున్న ఇద్దరిలో ఒకరు చనిపోతే అది ముగిసిపోతుంది. తక్కిన మూడు మజ్‌హబ్‌లు అలా అనవు. మీరు హనఫీలు గనక పాత ఒప్పందం పెద్దాయనతోనే ముగిసిందనుకుందాం. అయినా ఆ తర్వాత మీరు ఫోన్ చేశారు, ఆయన ‘ఎప్పట్లాగే చేసుకో’ అన్నాడు. అది కొత్త ఒప్పందం, ఆయన సొంత నోటితో చేసినది. ఎప్పట్లాగే అన్నప్పుడు ఎకరాకు పుట్టిన్నర ఎలా వచ్చిందో, పంట పోతే సగం అన్నదీ అలాగే వచ్చింది. ఒకటి ఉంచుకుని ఇంకొకటి వదిలేయడం కుదరదు.

సగం తగ్గింపు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆయన నాట్లనాడే ఆ మాట అనాల్సింది. అనుంటే ఊరి కట్టుబాటు అక్కడితో పక్కకు తప్పుకునేది, మీరు ఒప్పుకోవాలో పొలం వదిలేయాలో తేల్చుకునేవాళ్ళు. మజల్లా 67వ సూత్రం ఈ సంగతే చెబుతుంది. మౌనంగా ఉన్నవాడికి ఏ మాటా అంటగట్టకూడదు, కానీ మాట్లాడి తీరాల్సిన చోట మౌనంగా ఉంటే ఆ మౌనమే మాట. వాన పడి, పైరు పోయి, వడ్లు కాటా మీదికి వచ్చాక షరతు మార్చే హక్కు ఆయనకు లేదు. నాలుగున్నర పుట్లలో సగం రెండుంబావు. మీరు బాకీ ఉన్నది రెండుంబావు పుట్లు. అది మాత్రం గింజ తగ్గకుండా, తడిసినవి ఏరి ఆయనకు పోయకుండా ఇవ్వండి.

ఊళ్ళో ఆ కట్టుబాటే లేకపోయి ఉంటే? అప్పుడూ షరీఅత్ కౌలుదారుణ్ణి గాలికి వదిలేయలేదు. పళ్ళు అమ్మిన తర్వాత విపత్తు వచ్చి అవి పోతే, కొన్నవాడి దగ్గర ఏమీ తీసుకోవడం నీకు ధర్మం కాదు, నీ సోదరుడి సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావు అని దైవప్రవక్త (స) అడిగిన హదీసు ముస్లిం సంకలనంలో ఉంది. అది పళ్ళ అమ్మకం గురించినది. భూమి కౌలుకు అది వర్తిస్తుందా అనే దాని మీద పండితుల్లో భేదాలున్నాయి. పైరు విపత్తులో నాశనమైతే అప్పటిదాకా గడిచిన కాలానికి కౌలు పడుతుంది, ఆ తర్వాతి కాలానిది పడదు అని హనఫీ గ్రంథాల్లో ఒక లెక్క ఉంది. మీ విషయంలో కోతకు పది రోజులే మిగిలింది కాబట్టి ఆ లెక్క మీకు పెద్దగా ఉపయోగపడేది కాదు. మీకు అండగా నిలిచేది మీ ఊరి కట్టుబాటే. పుస్తకంలోని లెక్క కంటే ఊరి పెద్దల లెక్క కౌలుదారు మీద ఎక్కువ దయ చూపించింది, ఫిఖ్‌హ్ ఆ దయను షరతుగా నిలబెడుతోంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే తృప్తినిచ్చేది ఇదే.

ఒక చిన్న జాగ్రత్త. మీ కౌలు ‘పుట్టిన్నర వడ్లు’ అనా, ‘ఈ పొలంలో పండిన వడ్లలోంచే పుట్టిన్నర’ అనా? రెండోది అయితే చిక్కు ఉంది. మదీనాలో కొందరు భూమిని కౌలుకిస్తూ కాలవల ఒడ్డున పండేది మాకు, మిగతాది మీకు అనుకునేవారు. ఒక్కో ఏడు ఆ చెక్క పండి ఇది పోయేది, ఒక్కో ఏడు ఇది పండి అది పోయేది. అందుకే దైవప్రవక్త (స) దాన్ని వారించారని, స్పష్టంగా తెలిసిన, పూచీ ఉన్న కౌలైతే తప్పులేదని రాఫె బిన్ ఖదీజ్ (ర) చెప్పారు. ఆ పొలం పంటలోంచే ఇన్ని పుట్లని ఒకరికి ముందే ఖాయం చేస్తే, పంటే అంత రాని ఏడు రెండోవాడు ఉట్టి చేతులతో మిగులుతాడు. కాబట్టి గుత్త కౌలైతే వడ్లు ఎక్కడివైనా సరే ఇన్ని పుట్లు అని ఉండాలి. కోరుకు (పంటలో వాటాకు) చేసుకుంటే సగమో, మూడో వంతో అని పాలు ఉండాలి. పాలు పద్ధతిలో పంట పోతే నష్టం దానంతటదే ఇద్దరి మీదా పడుతుంది. ఖైబర్ భూములను ప్రవక్త (స) అక్కడి యూదులకే సగం పంటకు సాగుకిచ్చారు. అబూ హనీఫా (రహ్) పాలు సాగును ఒప్పుకోకపోయినా, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఒప్పుకున్నారు. జనం అవసరాన్నీ ఆచారాన్నీ చూసి హనఫీలు శిష్యుల మాట మీదే ఫత్వా ఇస్తూ వచ్చారు.

పెద్దాయన కుటుంబం ముస్లిములు కాదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. ముస్లిమేతరులతో చేసుకున్న మాటకు, అందునా ఇస్లామ్‌తో సంబంధం లేని ఊరి కట్టుబాటుకు షరీఅత్‌లో చోటెక్కడిది అని ఎవరైనా మిమ్మల్ని అడగవచ్చు. దివ్యవాణి రాకముందు మక్కాలో యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి సరుకు తీసుకుని ఆస్ బిన్ వాయిల్ అనే ఖురైషు ప్రముఖుడు డబ్బు ఎగ్గొట్టాడు. అప్పుడు కొన్ని వంశాలవాళ్ళు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో కూడి, ఎవరికి అన్యాయం జరిగినా వాడి పక్షాన నిలబడతామని ప్రమాణం చేసుకున్నారు. హిల్ఫుల్ ఫుదూల్ అంటారు దాన్ని. యువకుడిగా ఆ ప్రమాణంలో పాల్గొన్న ప్రవక్త (స), ఇస్లామ్ వచ్చాక కూడా దాని పేరు చెప్పి పిలిస్తే నేను వెళతాను అన్నారు. బలహీనుణ్ణి కాచే కట్టుబాటు ఏ ఊళ్ళో ఎవరు పెట్టుకున్నా దాని విలువ అంత.

ఇప్పుడు వ్యాపారి సంగతి. ఇక్కడ నేను మీకు నచ్చే మాట చెప్పలేను. ఊళ్ళో అందరూ చేస్తున్నా, మీరు ఒప్పుకుని మాటిచ్చినా, ఇది చెల్లే కట్టుబాటు కాదు.

లెక్క చూద్దాం. 2025-26కి సాధారణ రకం ధాన్యం కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 850 కిలోల పుట్టికి 20,136 రూపాయల చిల్లర. ఆ ధరకు 30 కిలోలంటే 710 రూపాయలు. ధరలో తగ్గించే 500 కలిపితే పుట్టికి 1,210. పది పుట్లు పండే మామూలు ఏడు కౌలు పోను మీరు ఐదున్నర పుట్లు ఆయనకు అమ్ముతారు. మీ చేతిలోంచి జారిపోయేది 6,650 రూపాయల పైన. 60 వేల మీద, నవంబరు నుంచి మార్చి దాకా ఐదు నెలలకు. నూటికి నెలకు రెండు రూపాయల ఇరవై పైసలు పడింది. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటే మీరు ముట్టుకునేవాళ్ళు కాదు. అదే వడ్డీ గోతంలో వేసుకుని వచ్చింది గనక కనబడలేదు.

అప్పు మీద అప్పిచ్చినవాడికి షరతుగా వచ్చే ఏ లాభమైనా వడ్డీయే అన్నది నాలుగు మజ్‌హబ్‌లూ ఒప్పుకున్న సూత్రం. అప్పునూ అమ్మకాన్నీ ఒకదానికొకటి ముడిపెట్టడం ధర్మం కాదని తిర్మిజీ, అబూ దావూద్ సంకలనాల్లో హదీసు ఉంది. మీ వ్యాపారి చేసింది సరిగ్గా అదే, నాకు అమ్ముతావని అప్పిచ్చాడు, అప్పిచ్చాడని తక్కువకు కొంటున్నాడు. ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారు, హరామ్‌ను హలాల్ చేసే షరతు, హలాల్‌ను హరామ్ చేసే షరతు తప్ప అన్న హదీసు మీరు వినే ఉంటారు. కౌలు విషయంలో ఆ హదీసు మొదటి సగం వర్తిస్తుంది, వ్యాపారి విషయంలో రెండో సగం. ఊరి ఆచారం అన్న ఒక్క పేరుతో రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

ముప్పై కిలోల తరుగు గురించి విడిగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. తేమ ఉన్న వడ్లకు తగ్గింపు అడగడం తప్పు కాదు. ప్రభుత్వ కొనుగోలులోనూ 17 శాతం దాకా తేమను ఒప్పుకుని ఆపైన అభ్యంతరం చెబుతారు. తేమ చూసి, ఇంత ఉంది కాబట్టి ధర ఇంత అని ముఖం మీద చెప్పి బేరమాడితే అది వ్యాపారం. చూడకుండా, ఆరిన వడ్లకూ తడి వడ్లకూ ఒకేలా 880 కిలోలు తూచి 850కి డబ్బు కట్టడం వ్యాపారం కాదు. కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ళకు వినాశం తప్పదని ముతఫ్ఫిఫీన్ సూరా మొదలవుతుంది. షుఐబ్ (అ) తన జాతికి తౌహీద్ (ఏకదైవత్వం) చెప్పిన నోటితోనే తూకాలు సరిచేసుకోండి అని చెప్పారు. అక్కడా అది అందరూ చేసేదే. అందరూ చేయడం దాన్ని ఒప్పు చేయలేదు.

మరి మీరేం చేయాలి? హనఫీ ఫిఖ్‌హ్‌లో అప్పుకు తప్పుడు షరతు తగిలిస్తే షరతు రాలిపోతుంది, అప్పు నిలుస్తుంది. మీరు 60 వేలూ పూర్తిగా బాకీ ఉన్నారు. ఒక్క రూపాయి తగ్గించే హక్కు లేదు. వడ్లు మాత్రం ఎవరికి మంచి ధర వస్తే వాళ్ళకు అమ్మవచ్చు, ఆయనకూ అమ్మవచ్చు, బయట ధరకు, 850 కిలోలకు. ఈ ఏడు కౌలు పోను మీకు మిగిలేది రెండుంముప్పావు పుట్లు. మద్దతు ధరకు పోయినా 55 వేల చిల్లర. అంటే అప్పు మొత్తం తీరదు, ఇంటికి తిండి గింజలూ కావాలి. కాబట్టి ఆయన దగ్గరికి వెళ్ళి గడువు అడగండి. బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే వీలు కుదిరేదాకా గడువివ్వాలన్నది అల్ బఖరా 280వ ఆయత్ ఆజ్ఞ. ఆయన ముస్లిమైతే ఆ ఆయత్ గుర్తు చేయండి, కాకపోతే వాన సంగతి గుర్తు చేయండి. ఏటా బేరం ఉన్నవాడు ఒక ఏడు ఆగలేకపోడు.

వచ్చే పంటకు పెట్టుబడి ఎలా అన్నది మీ మనసులో ఉంటుంది. బ్యాంకు పంట రుణం వైపు చూడమని చెప్పలేను, రాయితీ పోయినా అక్కడా వడ్డీ ఉంటుంది. కానీ ఇదే వ్యాపారితో, ఇదే డబ్బుతో హలాల్ దారి ఒకటుంది. ప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి రైతులు ఏడాదికీ రెండేళ్ళకూ ముందే పళ్ళ మీద డబ్బు తీసుకుంటున్నారు. ఆయన దాన్ని మాన్పించలేదు. ముందు డబ్బిచ్చేవాడు తెలిసిన కొలతకు, తెలిసిన తూకానికి, తెలిసిన గడువుకు ఇవ్వాలి అని సరిచేశారు. ఊరి ఆచారాన్ని తీసుకుని అందులోని ముల్లు తీసేసి తిరిగి చేతికివ్వడం అంటే ఇదే. సలమ్ అంటారు. నవంబరులో వ్యాపారి మీకు 54 వేలు ఇస్తాడు. అది అప్పు కాదు, మూడు పుట్ల వడ్ల ధర, పుట్టికి 18 వేల చొప్పున, అక్కడికక్కడే పూర్తిగా. రకం ఏది, తేమ ఎంత లోపు, పుట్టికి 850 కిలోలు, మార్చి ఆఖరుకు, ఫలానా చోట అప్పగింత, అన్నీ ఆ రోజే అనుకోవాలి. పలానా పొలం వడ్లే అని కట్టుకోకూడదు.

18 వేలు మద్దతు ధర కంటే తక్కువే కదా, దానికీ వడ్డీకీ తేడా ఏమిటంటారా? ధర 22 వేలకు పోతే వ్యాపారికి కలిసొస్తుంది, 16 వేలకు పడితే ఆ దెబ్బ ఆయనే తినాలి. ఆయన సరుకు కొన్నాడు, సరుకు మంచి చెడ్డలు ఆయనవి. ఇప్పటి పద్ధతిలో ధర ఎటు పోయినా ఆయన 500, ఆయన 30 కిలోలు ఆయనకు వస్తూనే ఉంటాయి. వాన వచ్చి మీరు వడ్లు ఇవ్వలేకపోతే ఆయన ఆగాలి, లేదా ఇచ్చిన 54 వేలే వెనక్కి తీసుకోవాలి, పైన ఒక్క పైసా కూడదు. మిగతా వడ్లు మీ ఇష్టం వచ్చినవాళ్ళకు అమ్ముకుంటారు.

కళ్ళంలో గోతాలు పక్కన పెట్టడం సంగతికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నిన్ను నమ్మినవాడికి అమానత్ అప్పగించు, నిన్ను మోసం చేసినవాణ్ణి నువ్వు మోసం చేయకు అని హదీసు. పైగా మీ న్యాయమంతా మీ మాట మీదే ఆధారపడి ఉంది. ఒక్క గోతం దాచారని తెలిస్తే ఊళ్ళో రేపు మీ పక్షాన సాక్ష్యం చెప్పేవాళ్ళు నోరు విప్పరు.

కోర్టు సంగతీ తెలుసుకోండి. ఈ ఫిఖ్‌హ్ అంతా మీ అంతరాత్మకు సంబంధించినది. 1937 షరీఅత్ చట్టం నికాహ్, తలాఖ్, వారసత్వం, వక్ఫ్ లాంటి విషయాలకే పరిమితం. మీ కౌలు మాట దేశ చట్టాల కిందికి వస్తుంది, వాటిలో 1872 నాటి ఒప్పందాల చట్టం ఒకటి. ఆ చట్టం కూడా నోటి ఒప్పందాన్ని ఒప్పుకుంటుంది, చట్టానికి విరుద్ధం కాని వ్యాపార ఆచారాన్ని కాపాడుతుంది. అయినా రెండుంబావు పుట్ల వడ్ల కోసం కోర్టు మెట్లు ఎక్కితే వడ్ల విలువ కంటే ఖర్చే ఎక్కువవుతుంది. ఆ దారి వద్దు.

ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేయండి. గొడవ గొంతుతో వద్దు. ‘ఎప్పట్లాగే చేసుకోమన్నారు, నేను ఆ మాట మీదే మడి దున్నాను’ అని చెప్పండి. పెద్దాయన వయసు వాళ్ళు, కౌలుకిచ్చిన వాళ్ళే, ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్ళనే అడగమనండి. తండ్రి ఎలా నడిచాడో తండ్రి స్నేహితుల నోట వినడం వేరుగా ఉంటుంది. చెన్నైలో ఉన్నాయనకు ఈ కట్టుబాటు నిజంగానే తెలియకపోవచ్చు, మోసం చేయాలన్న ఉద్దేశం ఉండకపోవచ్చు. ఆయన తెగ్గొట్టి మాట్లాడితే మధ్యస్థంగా ఏదో ఒక అంకెకు సుల్హ్ చేసుకోవడానికి మీకు అనుమతి ఉంది, రాజీలోనే మేలుందని ఖుర్‌ఆన్ మాట. రెండుంబావుకు బదులు మూడు పుట్లు ఇచ్చి ఆ పొలం నిలబెట్టుకోవడం మంచిదనిపిస్తే ఇవ్వండి. కానీ అది మీరు ఇష్టపడి వదులుకున్నది అవ్వాలి, బాకీ అనుకుని కాదు.

తర్వాత ఎడగారు (రెండో పంట) నారు పోయకముందే కాగితం పని చూడండి. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని కింద పదకొండు నెలలకు ఒప్పందం రాసుకుంటారు, యజమాని సంతకం కావాలి. పొలం మీద ఆయన హక్కుకు దానివల్ల ఏ ఇబ్బందీ రాదని చట్టంలోనే ఉంది, ఫోన్లో ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి, చాలామంది యజమానులు భయపడేది దాని గురించే. ఆ ఒప్పందం మీద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు చేతిలో ఉంటే పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ అడగడానికి, కొనుగోలు కేంద్రంలో మీ పేరు మీద వడ్లు పోయడానికి దారి దొరుకుతుంది. దానితోపాటు ఒక తెల్లకాగితం మీద మీ ఇద్దరి సంగతులూ రాసుకోండి. ఎకరాకు ఎన్ని పుట్లు, పుట్టికి 850 కిలోలు, వడ్లు ఏ నెలలో ఎక్కడ అప్పగించాలి, విపత్తు అంటే ఏది, పంట ఎంత పోతే కౌలు ఎంత తగ్గుతుంది, ఆ నష్టాన్ని పొలంలో నిలబడి ఎవరు చూసి చెప్పాలి. ఇద్దరు సాక్షుల పేర్లు వేయండి. వాళ్ళలో ఒకరు పెద్దాయన బంధువైతే మంచిది.